కొట్టంలో మొదలయ్యే కబురు: పశురోగాల గుర్తింపు, నివేదనలపై ఒక సమీక్ష

రెండు గేదెలో, ఒక ఆవూ దూడో, పాతిక గొర్రెలో ఉన్న ఇంట్లో రోగం మొదట కనబడేది పశువైద్యుడికి కాదు, పాలు పితకడానికి కూర్చున్న మనిషికి. గేదె మేత ముట్టలేదని, నెమరు ఆగిందని, పొదుగు గట్టిపడిందని ఆ ఇంటి ఆడవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ కబురు పశువుల ఆసుపత్రికి చేరడానికి ఒక్కోసారి గంట పడుతుంది, ఒక్కోసారి వారం పడుతుంది. చాలాసార్లు అసలు చేరదు. ఎందుకు చేరదన్న ప్రశ్న మీద పశువైద్యులు, ఆర్థికవేత్తలు, సామాజిక శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. రైతుకు తెలియక అని ఒకరు, తెలిసినా చెప్పడని ఇంకొకరు, చెప్పినా వినేవారు లేరని మరొకరు అంటారు. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి.

వాదన ఇంతగా చిక్కుపడటానికి కారణం ఉంది. రోగాన్ని గుర్తించడం, దాన్ని అధికారులకు తెలియజేయడం అనే రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపి మాట్లాడుతున్నాం. పైగా అన్ని రోగాలనూ ఒకే గాటన కట్టి రైతుకు అవగాహన ఉందా లేదా అని అడుగుతున్నాం. గాలికుంటుకు సరిపోయే జవాబు బ్రూసెల్లోసిస్‌కు సరిపోదు. మన రెండు రాష్ట్రాలకు ఇది దూరపు చర్చ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, సంఖ్య 1.91 కోట్లు. 1.76 కోట్లతో ఆ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇన్ని జీవాల ఆరోగ్యం గురించి ప్రభుత్వానికి తెలిసేదంతా కాపరి నోటి మాటతోనే మొదలవుతుంది.

మునసబు చీటీ నుంచి టోల్‌ఫ్రీ నంబరు దాకా

పశురోగం వస్తే సర్కారుకు తెలియాలన్న ఆలోచన మన ప్రాంతంలో పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1866లోనే పశురోగాల చట్టం వచ్చింది. దేశమంతటా పశువులను తుడిచిపెడుతున్న తెగుళ్ల మీద వలస ప్రభుత్వం వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. ఆ రోజుల్లో ఊరి నుంచి తాలూకాకు కబురు మోయాల్సింది గ్రామ మునసబు, కరణం. అంటే రోగం సంగతి చెప్పాల్సింది, శిస్తు వసూలు చేసే మనిషికే. రైతు వెనుకాడటానికి ఆ ఒక్క కారణం చాలు. ఊరు మాత్రం తన పద్ధతిలో తాను స్పందించేది. పోలేరమ్మకు కొలుపులు చేసేవారు, పొలిమేర దాటి పశువులు రాకుండా, పోకుండా కట్టడి పెట్టేవారు. ఆ కట్టడిలో భక్తి ఎంత ఉందో అంటు గురించిన అనుభవమూ అంతే ఉందని నా అభిప్రాయం.

దేశాల మధ్య కబురు చెప్పుకోవాలన్న నియమం కూడా ఒక పశువుల తెగులు నుంచే పుట్టింది. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న మూపురపు పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగాయి. వాటితో వచ్చిన ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, అక్కడి మందలకు సోకింది. ఆ భయంతోనే 1924లో పారిస్‌లో అంతర్జాతీయ పశురోగాల కార్యాలయం ఏర్పడింది. ఈనాటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే.

స్వతంత్ర భారతంలో అసలు పరీక్ష కూడా ఈ ముసరతోనే ఎదురైంది. 1954లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. కోట్ల టీకాలు వేశాక రోగం చాలావరకు తగ్గింది కానీ దక్షిణ ద్వీపకల్పంలో మాత్రం పట్టు విడవలేదు. 1992లో యూరోపియన్ యూనియన్ సాయంతో కొత్త దశ ప్రారంభమైంది. ఈ దశలో టీకాతో పాటు ఊరూరా తిరిగి రోగం గురించి వాకబు చేయడం, పశువులు నడిచే దారుల వెంట వెతకడం కార్యక్రమంలో భాగమయ్యాయి. 1995లో చివరి కేసు కనబడింది. 2006లో దేశానికి ఈ వ్యాధి నుంచి పూర్తి విముక్తి గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమే దాని నుంచి బయటపడింది. ఈ విజయం ఎవరిదన్నదే నేటి వాదనకు మూలం. టీకాదేనని ఒక వర్గం అంటుంది. కానీ చివరి అంకంలో టీకా ఆపేసి, రోగం నిజంగా లేదని నిరూపించాలి. ఆ నిరూపణకు ఊళ్లలో పశువులు కాచేవారిని అడగడం తప్ప దగ్గరి దారి లేదు. టీకా గొప్పతనాన్ని తగ్గించకుండానే ఈ మాట ఒప్పుకోవచ్చు.

2009లో పార్లమెంటు జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం చేసింది. దాని నాలుగో సెక్షను ప్రకారం షెడ్యూలులోని వ్యాధి సోకిందని నమ్మడానికి కారణం ఉంటే, పశువు యజమాని ఆ సంగతిని గ్రామాధికారికో పంచాయతీకో తెలియజేయాలి. వారు దాన్ని దగ్గరలోని పశువైద్యుడికి రాతపూర్వకంగా పంపవచ్చు. నూటనలభై ఏళ్ల తర్వాత కూడా దారి మారలేదు, మునసబు స్థానంలో పంచాయతీ వచ్చింది. చట్టంతో పాటు సాంకేతిక ఏర్పాట్లూ వచ్చాయి. మండలం నుంచి ఢిల్లీ దాకా కార్యాలయాలను కలిపే జాతీయ పశురోగ నివేదన వ్యవస్థ ఒకటి. పన్నెండు అంకెల చెవిపోగు ఇంకొకటి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రోడ్డెక్కిన సంచార పశువైద్య వాహనాలు మరొకటి. 1962 నంబరుకు ఫోను చేస్తే అవి ఊరికి వస్తాయి. చాలా ఊళ్లలో రైతుకు ఇప్పుడు తెలిసిన నివేదన అంటే ఈ ఫోన్‌కాలే. చట్టంలోని పంచాయతీ దారి గురించి తెలిసినవాళ్లు అరుదు.

రైతు కంటికి ఏది కనిపిస్తుంది

చర్చలో అన్నింటికన్నా ఎక్కువ అపోహలున్న భాగం ఇదే కనుక కొంచెం నిదానంగా చూడాలి. గుర్తింపు దృష్టితో పశురోగాలను మూడు తెగలుగా విడదీయవచ్చు.

మొదటి తెగ, దాచినా దాగనివి. గాలికుంటు వచ్చిన ఎద్దు నోట తీగలు తీగలుగా చొంగ కారుస్తుంది, పెదవులు చప్పరిస్తుంది, గిట్టల మధ్య పుండ్లతో కుంటుతుంది. తొలకరి వానల తర్వాత గొంతు కింద వాపు, గురక, ఒక్క రోజులోనే చావు అంటే గేదెలకు వచ్చే గొంతువాపు. ఏడాది, రెండేళ్ల బలిష్ఠమైన దూడ తొడ వాచి, నొక్కితే చిటపటలాడితే జబ్బవాపు. వీటిని గుర్తించడానికి రైతుకు శిక్షణ అక్కర్లేదు. గాలికుంటు తగ్గిన పశువు ఎండాకాలంలో వగరుస్తుందని, వెంట్రుకలు పెరిగి నీడ వదలదని, పనికి నిలవదని మన రైతులు ఎప్పటినుంచో చెబుతున్నారు. టాంజానియాలో పశుకాపరులు ఇదే మాట చెబితే ఆండీ క్యాట్లీ బృందం శాస్త్రీయంగా పరిశీలించి, ఈ వగర్పుకూ గాలికుంటుకూ సంబంధం ఉందని 2004లో ప్రచురించింది. ఆ దీర్ఘకాలపు నష్టం గాలికుంటు నష్టాల అంచనాల్లోకి పూర్తిగా ఎక్కాలంటే కాపరి మాటే ఆధారం.

రెండో తెగ, ఒకదానిలా ఒకటి కనిపించేవి. ఇక్కడ రైతే కాదు, పశువైద్యుడూ పొరబడతాడు. గొర్రెల్లో పారుడు రోగం, అంటే పీపీఆర్, మన దేశంలో ఉందని మొదటిసారి తేలింది 1987లో, తమిళనాడులోని అరసూరు గ్రామంలో. దాని లక్షణాలు ముసరకు దగ్గర. ప్రయోగశాల వేరుచేసి చూపేదాకా రెండింటినీ విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. పెరటి కోళ్ల సంగతీ అంతే. ఏటా కొక్కెర తెగులుతో కోళ్లు పోయే ఇంట్లో, బర్డ్‌ఫ్లూతో నాలుగు కోళ్లు చస్తే అది కొత్త విషయంగా తోచదు. నిన్న మేసిన గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటే అది చిటుకు రోగం కావచ్చు, దొమ్మ కావచ్చు, పాము కాటు కావచ్చు. ఈ చివరి సందేహం ప్రాణాంతకం. దొమ్మ వచ్చిన పశువు ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంది. ఆ కళేబరాన్ని కోస్తే సిద్ధబీజాలు నేలలో చేరి ఏళ్ల తరబడి బతుకుతాయి. విశాఖ మన్యంలో, పక్కనే ఉన్న ఒడిశా కోరాపుట్‌లో చచ్చిన పశువును కోసి, మాంసం తిని మనుషులు చర్మపు ఆంత్రాక్స్‌తో ఆసుపత్రి పాలైన సంఘటనలు పదేపదే జరిగాయి. చాలాచోట్ల పశువుకు రోగం ఉన్నదని మనిషి చేతి మీది పుండు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. రేబీస్ కూడా ఈ తెగదే. పిచ్చికుక్క కరిచిన ఆవు మింగలేక చొంగ కారుస్తుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని రైతు నోట్లో చెయ్యి పెడతాడు.

మూడో తెగ, పైకి కనిపించనివి. ఈసుడు రోగం అనే బ్రూసెల్లోసిస్‌లో పశువు చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది, చూలు చివరి నెలల్లో ఈసుకుపోతుంది. ఒక్కసారి ఈసుకుపోతే వేడి చేసిందనో, జారిపడిందనో అనుకోవడం సహజం. మాయను ఉత్త చేతులతో తీసి పడేసిన మనిషికి ఆ తర్వాత నెలల తరబడి వచ్చే జ్వరానికీ ఈ ఈసుడుకూ సంబంధం ఉందని చెప్పేవారుండరు. పశువుల క్షయ, లక్షణాలు బయటపడని పొదుగువాపు కూడా ఇలాంటివే. ఎంత అనుభవం ఉన్న రైతైనా కంటితో చూసి వీటిని చెప్పలేడు. చెప్పలేకపోవడం అజ్ఞానం కాదు.

నాలుగు వాదాలు

మొదటిది అవగాహన వాదం. ప్రభుత్వ శాఖల్లో, విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చలామణీలో ఉన్నదిదే. రైతుల జ్ఞానం, వైఖరి, ఆచరణ కొలిచే ప్రశ్నావళులు దీని పనిముట్లు. వాటి ఫలితాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: అవగాహన తక్కువ, శిక్షణ ఇవ్వాలి. ఈ వాదంలో నిజం లేకపోలేదు. దొమ్మ కళేబరాన్ని కోయకూడదన్న ఒక్క సంగతి ఊరందరికీ తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి. దీని లోపం కొలతలో ఉంది. వ్యాధి పేరును శాస్త్రీయ నామంతో అడిగి, రైతు తెల్లముఖం వేస్తే అవగాహన లేదని రాసుకుంటే, అక్కడ తేలింది రైతు గురించి కాదు, ప్రశ్న గురించి. గాలికుంటు అని అడిగితే గంటసేపు మాట్లాడగల మనిషిని ఎఫ్‌ఎండీ అని అడిగి మౌనంగా కూర్చోబెట్టడం అధ్యయనం అనిపించుకోదు.

రెండోది స్థానిక జ్ఞాన వాదం. 1986లో కాన్‌స్టెన్స్ మెక్‌కార్కిల్ జానపద పశువైద్యాన్ని ఒక అధ్యయన రంగంగా ప్రతిపాదించాక ఇది బలపడింది. మన దగ్గర పుణె, హైదరాబాద్‌లు కేంద్రంగా మహిళా పశువైద్యులు నడిపిన ఆంత్ర సంస్థ 1990ల నుంచి పశుపోషకుల జ్ఞానాన్ని, ముఖ్యంగా ఆడవాళ్ల జ్ఞానాన్ని నమోదు చేసింది. దక్షిణ సూడాన్, ఇథియోపియా, పాకిస్తాన్‌లలో ముసర చివరి జాడలు వెతికినప్పుడు భాగస్వామ్య పద్ధతులు ఎంతో ఉపకరించాయి. కాపరులతో గుండ్రంగా కూర్చుని, నేల మీద రాళ్లు పేర్చి ఏ లక్షణం ఏ రోగానికి ఎక్కువో వారిచేతనే లెక్క వేయించే పద్ధతులివి. ఇథియోపియా అఫార్ ప్రాంతంలో ఎండకు చెడని టీకాను పశువైద్యులు చేరలేని చోటికి కాపరుల్లోంచి ఎంపికైన కార్యకర్తలే తీసుకెళ్లారు. ఇండోనేషియాలో 2006 నుంచి పెరటి కోళ్లలో బర్డ్‌ఫ్లూను వెతకడానికీ ఈ దారే పట్టారు. మామూలు నివేదనలో కనిపించని రోగం అక్కడ విస్తారంగా బయటపడింది. అయితే ఖర్చు భారీ, దాతల నిధులు ఉన్నంతకాలమే నడుస్తుంది అన్న విమర్శ వచ్చింది. ఈ వాదంలో ఇంకో బలహీనత ఉంది. మూడో తెగ రోగాల దగ్గరికి వచ్చేసరికి దీని దగ్గర జవాబు లేదు. కాపరి జ్ఞానం మీది గౌరవంతో ఆ సంగతి ఒప్పుకోకపోవడం కాపరికే అన్యాయం.

మూడోది లాభనష్టాల వాదం. రైతు తెలివైనవాడే, అందుకే చెప్పడు అంటారు వీరు. కబురు చెబితే ఏమవుతుంది? పాలకేంద్రంలో పాలు తీసుకోకపోవచ్చు. సంతలో ధర పడిపోతుంది. ఇరుగుపొరుగు తమ మందకు రోగం అంటించావని అంటారు. కోళ్లయితే చుట్టుపక్కల అందరివీ చంపేస్తారు. చెప్పకపోతే ఆ గొర్రెను ఇవాళే కటికవాడికి అమ్మి సగం ధరైనా చేసుకోవచ్చు. కేంద్ర పథకం కింద బర్డ్‌ఫ్లూకు చంపించిన కోళ్లకు, గ్లాండర్స్ వచ్చిన గుర్రాలకు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు చంపించిన పందులకు పరిహారం ఉంది. గొంతువాపుతో చచ్చిన గేదెకు ఆ పద్దు కింద ఏమీ రాదు. ఈ వాదానికి గట్టి సాక్ష్యం బీమాలోనే ఉంది. చెవిపోగు ఉన్న, బీమా చేసిన పశువు చస్తే కబురు ఆలస్యం కాదు. పోగు చూపాలి, మరణ ధ్రువీకరణ కావాలి కనుక రైతే పరుగెత్తుకొస్తాడు. కానీ బీమా మోసుకొచ్చేది చావు కబురు, రోగం కబురు కాదు. అప్పటికి మందలో మిగతావాటికి అంటుకుని ఉంటుంది. పరిహారం పెంచితే నివేదన పెరుగుతుందనేవారు ఈ తేడాను ఇంకా సరిగా పట్టించుకోలేదు.

నాలుగోది నమ్మకం వాదం. దీనికి పునాది వేసిన అధ్యయనాలు ధనిక దేశాల్లో వచ్చాయి. నెదర్లాండ్స్‌లో ఎల్బర్స్, ఆయన సహచరులు 2010లో పందుల రైతులనూ పశువైద్యులనూ అడిగి, స్వైన్ ఫీవర్ అనుమానాన్ని ఎందుకు చెప్పరో రాబట్టారు. తొలి లక్షణాలు తెలియకపోవడం, తప్పు చేశామన్న భావన, సిగ్గు, నియంత్రణ చర్యల మీద వ్యతిరేకత, చెప్పాక జరిగే తతంగం మీద అసంతృప్తి, ప్రభుత్వ సంస్థల మీద అపనమ్మకం, అసలు ఎవరికి ఎలా చెప్పాలో స్పష్టత లేకపోవడం. ఈ జాబితా యూరప్ పందుల రైతులదే అయినా, గుంటూరు, నల్గొండల్లో అడిగినా ఇలాగే వస్తుందని నేను అనుకుంటున్నాను. అక్కడ ప్రయోగశాల దగ్గర, రోడ్డు బాగు, పరిహారం గ్యారంటీ. అయినా సిగ్గు, అపనమ్మకం అడ్డుపడ్డాయి. డబ్బుతో మాత్రమే ఈ ముడి విడదన్న మాటకు ఇంతకంటే సూటి ఆధారం నాకు కనిపించలేదు.

ఎదురెదురు పెట్టి చూస్తే

నాలుగు వాదాలూ ఒకే రైతును నాలుగు రకాలుగా ఊహిస్తాయి. అవగాహన వాదానికి రైతు నేర్చుకోవాల్సిన విద్యార్థి, కాబట్టి మందు శిక్షణ. స్థానిక జ్ఞాన వాదానికి ఆయనే నిపుణుడు, కాబట్టి మందు వినడం. లాభనష్టాల వాదానికి లెక్క చూసుకునే ఇంటి యజమాని, కాబట్టి మందు పరిహారం. నమ్మకం వాదానికి ఎదుటివారి నడవడిని బట్టి మాట్లాడే పొరుగువాడు, కాబట్టి మందు ప్రభుత్వ నడవడి మారడం.

రోగాల మూడు తెగలతో కలిపి చూస్తే వీటి చోటు తేలుతుంది. దాచినా దాగని రోగాలకు అవగాహన వాదం దాదాపు అనవసరం. అక్కడ పనికొచ్చేవి లాభనష్టాలు, నమ్మకం. పోలికతో మోసం చేసే రోగాలకు స్థానిక జ్ఞానం సగం దూరం తీసుకెళుతుంది. ఏదో జరుగుతోందని, ఇది మామూలు సంవత్సరం కాదని కాపరి చెప్పగలడు. అది ఏమిటో నమూనా తీసి చూడాలి. కనిపించని రోగాలకు రైతును అడగడమే తప్పు దారి. పాల నమూనాలు, నెత్తురు పరీక్షలు, ఆడ దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో బ్రూసెల్లా టీకా, ఇవే మార్గాలు. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల కోసం 13,343 కోట్ల రూపాయలతో మొదలైన జాతీయ కార్యక్రమం ఈ రెండు రోగాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. టీకా వరకు అది సరే. సమాచారం విషయంలో మాత్రం ఈ రెండూ రెండు లోకాలు.

2022లో గుజరాత్, రాజస్థాన్‌లను కుదిపిన లంపీ స్కిన్ ఈ విభజనకు మంచి పరీక్ష. దేశంలో 2019లో తొలిసారి కనిపించిన ఈ రోగాన్ని గుర్తించడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఒంటి నిండా గడ్డలు. పశుపోషకుల ఇళ్ల దగ్గర జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేసిన తమలపాకు, మిరియాలు, ఉప్పు, బెల్లం ముద్ద నుంచి ఆసుపత్రి మందుల దాకా అన్నీ వాడారు. 2022 సెప్టెంబరు చివరికి అధికారికంగా లెక్కకు వచ్చిన చావులు లక్షకు చేరువయ్యాయి. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి. ఇంత స్పష్టమైన రోగంలోనూ లెక్క మీద తగువు వచ్చిందంటే లోపం గుర్తింపులో లేదు.

మధ్యలో నిలబడినవాళ్లు

వాదాలన్నీ రైతును, ప్రభుత్వాన్ని ఎదురెదురుగా నిలబెడతాయి. వాస్తవంలో ఇద్దరి మధ్య ఇంకొకరు ఉన్నారు. పశువు మేత ముట్టకపోతే రైతు మొదట ఫోను చేసేది ఊళ్లో పశుసేవలందించే గోపాలమిత్రకో, పశుమిత్రకో, ఊళ్లో సూది వేసే అనుభవజ్ఞుడికో, మందుల షాపుకో. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల పశుసంవర్ధక సహాయకులూ ఈ వరుసలో చేరారు. వీరిలో చాలామందికి ఏ ఊళ్లో ఏ రోగం నడుస్తోందో మండల పశువైద్యుడికంటే రెండు రోజులు ముందే తెలుస్తుంది.

కానీ నివేదన గొలుసులో వీరి స్థానం మసకగా ఉంది. 1984 భారత పశువైద్య మండలి చట్టం పట్టభద్రుడైన పశువైద్యుడికే వైద్యం చేసే హక్కు ఇస్తుంది, చిన్నపాటి సేవలకు మాత్రం రాష్ట్రాలు ఇతరులకు అనుమతి ఇవ్వవచ్చు. పరిధి దాటి సూది వేసిన మనిషి, తాను చూసిన రోగం గురించి పై అధికారికి చెప్పడు. చెబితే తన మీదికే వస్తుంది. పైగా అతని సంపాదన కృత్రిమ గర్భధారణ మీద, మందుల మీద. కబురు చేరవేసినందుకు దక్కేది ఏమీ లేదు. అతను ముందుగానే యాంటీబయాటిక్ వేయడం వల్ల లక్షణాలు చెదిరిపోయి, తర్వాత తీసిన నమూనాలో క్రిమి దొరకకపోవడం ఇంకో నష్టం. వీరిని నియంత్రించాలనే పశువైద్య సంఘాల వాదనలో బలం ఉంది. వీరిని పక్కన పెడితే తొలి కబురే రాదన్న వాదనలోనూ అంతే బలం ఉంది. ఈ రెండింటి మధ్య నిజాయితీ గల రాజీ ఇంకా కుదరలేదు.

మండల స్థాయిలో పశువైద్యుడి ఇబ్బంది గురించి కూడా మాట్లాడాలి. టీకాల కార్యక్రమం ముగిసిన నెలలోనే గాలికుంటు వచ్చిందని రాస్తే, టీకా ఎలా వేశారని ప్రశ్న ఆయనకే వస్తుంది. శీతల గొలుసు తెగిందా, వైరస్ రకం మారిందా అన్న విచారణకు ముందే బాధ్యుడు సిద్ధమైపోతాడు. రైతు మౌనం గురించి రాసినంత విరివిగా అధికారి మౌనం గురించి పరిశోధన జరగలేదు. ఈ రంగంలో అతి పెద్ద ఖాళీ ఇదేనని నా అంచనా.

వలస మందల సంగతి వేరే. పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి మేత కోసం నెలల తరబడి జిల్లాలు దాటి నడిచే గొర్రెల కాపరి ఏ పంచాయతీకి చెప్పాలి? ఆయన ఉన్న ఊరు ఆయనది కాదు. చెబితే ఆ పొలాల్లో మంద పెట్టనివ్వరు. చట్టం ఊరిని ఆధారం చేసుకుంది, ఆయన బతుకు దారిని ఆధారం చేసుకుంది.

ఇంకా తేలనివి

ఫోను, యాప్ ద్వారా వచ్చే కబురు పాత దారికి బదులవుతుందా అన్నది మొదటి ప్రశ్న. 1962కు వచ్చే కాల్స్ చికిత్స కోసం వచ్చేవి. వాటిని రోజువారీగా లక్షణాల వారీగా విడదీసి చూస్తే, ఒక మండలంలో ఒక్కసారిగా పెరిగిన కుంటుడు కాల్స్ గాలికుంటుకు తొలి హెచ్చరిక కాగలవు. చికిత్స లెక్కను నిఘా లెక్కగా మార్చడం సులువేమీ కాదు కానీ, సమాచారం మాత్రం చేతిలోనే ఉంది. బెంగళూరులోని నివేది అనే పశురోగ పరిశోధన సంస్థ జిల్లాల వారీగా నెలనెలా ముందస్తు అంచనాలు ఇస్తోంది. ఆ అంచనాలు ఆధారపడేది గతంలో నమోదైన రోగాల మీద. నమోదు కాని ఊరు అంచనాలోనూ కనిపించదు.

రెండోది, సున్నాకు అర్థం ఏమిటన్నది. ఒక మండలం నుంచి ఆరు నెలలు ఒక్క నివేదన రాకపోతే అక్కడ రోగం లేదా, కబురు లేదా? ముసర చివరి దశలో ఈ ప్రశ్నకు వెతుకులాటతో జవాబు చెప్పారు. 2030 నాటికి ప్రపంచం నుంచి తొలగించాలని పెట్టుకున్న పీపీఆర్ విషయంలోనూ అదే అవసరం వస్తుంది. ఊరూరా తిరిగే ఆ పద్ధతికి ఈసారి మనుషులు ఎక్కడి నుంచి వస్తారో ఇంకా స్పష్టం కాలేదు.

మూడోది తప్పుడు హెచ్చరికల ఖర్చు. కాపరులను ఎక్కువగా నమ్మితే నిజం కాని కబుర్లూ వస్తాయి. వాటి వెనక పరుగెత్తడానికి ఉన్న పశువైద్యులు చాలరు. తక్కువ నమ్మితే నిజమైనది జారిపోతుంది. ఈ గీత ఎక్కడ గీయాలన్నది రోగాన్ని బట్టి మారాలి. దొమ్మ, బర్డ్‌ఫ్లూ లాంటి మనిషికి సోకేవాటిలో పది తప్పుడు కబుర్లను భరించి ఒక నిజాన్ని పట్టుకోవడమే న్యాయమని నేను అంటాను. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి వేల్పూరు, తూర్పు గోదావరి కానూరు అగ్రహారంలలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. గోదావరి జిల్లాల్లో కోళ్లు గుంపులుగా చస్తున్నాయన్న మాట అంతకు ముందే వినబడుతూ వచ్చింది. పెద్ద ఫారాలు ఉన్న చోటే ఇలా ఉంటే, పెరట్లో పది కోళ్లున్న ఇంటి కబురు ఎంత ఆలస్యమవుతుందో ఊహించవచ్చు.

నాలుగోది, అన్నింటికన్నా చిన్నగా కనిపించి, అన్నింటికన్నా తక్కువ డబ్బుతో అయ్యేది. రైతు చెప్పిన కబురుకు జవాబు తిరిగి వస్తుందా? నెత్తురు నమూనా తీసుకెళ్లాక ఫలితం శాఖలో పైకి ఎక్కుతుంది, కిందికి దిగదు. గొర్రె దేనితో చచ్చిందో, మిగతా మందకు ఏం చేయాలో ఆ కాపరికి ఎవరూ చెప్పకపోతే, వచ్చే ఏడాది ఆయన ఫోను చేయకపోవడంలో వింత లేదు. నమ్మకం వాదులు చెప్పే అన్ని మాటల్లోకీ ఇది తేలిగ్గా పరీక్షించదగినది. ఒక జిల్లాలో ఫలితాలు రైతుకు చేరవేసి, పక్క జిల్లాతో రెండేళ్ల నివేదనలను పోల్చి చూస్తే చాలు.

ఇందుకు 2009 చట్టాన్ని సవరించనక్కర్లేదు. చెవిపోగు అంకెకు ఫోను నంబరు జోడించే వీలు ఇప్పటికే ఉంది. తీసిన ప్రతి నమూనా ఫలితాన్ని నిర్ణీత గడువులోగా పశువు యజమానికి తెలుగులో తెలియజేయాలని, మొదటి కబురు మోసిన గోపాలమిత్రకు, పశుమిత్రకు దాని ప్రతి పంపాలని, మండలాల వారీ లెక్కలను ప్రతి నెలా పంచాయతీ గోడ మీద అంటించాలని రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు ఉత్తర్వులు ఇవ్వాలి. వచ్చే తొలకరికి, గొంతువాపు టీకాలు మొదలయ్యే లోపే ఇవ్వాలి.